వంకాయ వేపుడు మీద చెరకు పానకం

స్పెయిన్ తీరంలోని నెర్హా పట్నంలో ఒక వారం

వంకాయను పలచగా తరిగి, పిండిలో పొర్లించి, నూనెలో కరకరలాడేలా వేయించి, దాని మీద నల్లటి చెరకు పానకం సన్నటి ధారగా పోస్తే ఎలా ఉంటుంది? విన్నవారు ముఖం చిట్లించవచ్చు. స్పెయిన్ దేశపు దక్షిణ తీరాన నెర్హా అనే చిన్న పట్నానికి వెళ్లినవారికి మాత్రం మొదటి రోజునే ఈ వంటకం బల్ల మీదికి వస్తుంది. వద్దు వద్దంటూనే ఒక ముక్క రుచి చూసినవారు రెండో ముక్కకు చెయ్యి చాపుతారు.

నెర్హా జనాభా 20 వేల పైచిలుకు. మాలగా నగరానికి తూర్పున 50 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. వెనుక కొండలు, ముందు మధ్యధరా సముద్రం, నడుమ తెల్ల సున్నం కొట్టిన ఇళ్లు. ఒకప్పుడు ఇది చేపలు పట్టేవారి ఊరు, చెరకు పండించేవారి ఊరు. ఇప్పుడు ఇంగ్లండు, జర్మనీ వంటి చలిదేశాల వారు ఎండ కోసం వచ్చే విడిది. వారం రోజులు మంచి తిండి తిని, నాలుగు చోట్లు చూసి, మధ్యాహ్నం కునుకు తీసి పోదామనే వారే వారిలో ఎక్కువ.

ఆ వారం హాయిగానే గడుస్తుంది. అయితే అక్కడ తినే ప్రతి ముద్ద వెనుక ఒక రైతో, ఒక జాలరో, ఒక పిల్లకాలువో ఉంది. కొన్ని పంటలు ఇప్పటికే పోయాయి. మిగిలినవి ఎన్నాళ్లు నిలుస్తాయన్నదే ఇప్పుడు ఆ ఊరి ముందున్న ప్రశ్న.

ఆదివారం: రాజుగారు నిలబడిన చోటు

మాలగాలో విమానం దిగి, బస్సెక్కి నెర్హా చేరినవారు సామాను గదిలో పడేసి ముందుగా వెళ్లేది 'ఐరోపా బాల్కనీ' దగ్గరికే. ఊరి నడిబొడ్డు నుంచి సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కొండచరియ అది. దాని మీద బండలు పరిచి, అంచున కమ్ముల గోడ కట్టి, తాటిజాతి చెట్లు నాటారు. మూడు వైపులా సముద్రమే. పూర్వం ఇక్కడ కోట ఉండేది. 1812లో ఫ్రెంచివారితో యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఇంగ్లీషు సేనలు దాన్ని పడగొట్టాయి. నాటి ఫిరంగులు ఇప్పటికీ సముద్రం వైపు గురిపెట్టి ఉన్నాయి. పిల్లలు వాటి మీదెక్కి ఫొటోలు తీయించుకుంటారు.

1884 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాటి రాత్రి, ఈ ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. వందలాదిమంది చనిపోయారు. పల్లెలకు పల్లెలే కూలిపోయాయి. మరుసటి నెలలో స్పెయిన్ రాజు 12వ అల్ఫోన్సో బాధితులను పరామర్శించేందుకు వచ్చాడు. ఈ చరియ మీద నిలబడి సముద్రాన్ని చూసి, ఇది ఐరోపా ఖండానికే బాల్కనీ అన్నాడనీ, అప్పటినుంచి ఆ పేరే స్థిరపడిందనీ చెబుతారు. ఆ రాజుగారి కంచు విగ్రహం కమ్ముల గోడకు ఆనుకుని నిలబడి ఉంటుంది. దాని భుజం మీద చెయ్యి వేసి నిలబడని సందర్శకుడు అరుదు.

పొద్దు వాలాక ఊరంతా ఇక్కడికే వస్తుంది. ముసలివారు, చంటిపిల్లల తల్లులు, పెళ్లీడు పిల్లలు అందరూ శుభ్రమైన బట్టలు కట్టుకుని అటూ ఇటూ నడుస్తారు. పని మీద కాదు, నలుగురినీ పలకరించడానికి. మన పల్లెల్లో సాయంత్రం పూట రావిచెట్టు కింద అరుగు మీద చేరే తీరే ఇది.

కొత్తవారు ఇబ్బంది పడేది భోజనం వేళల దగ్గరే. ఇక్కడ మధ్యాహ్న భోజనం రెండు దాటాకే. రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చాలా దుకాణాలు మూసి ఉంటాయి. ఏడు గంటలకే ఆకలి వేసినవారు 'తపాస్' తిని సరిపెట్టుకోవాలి. అంటే చిన్న పళ్లెంలో పెట్టే చిరుతిళ్లు. నాలుగు ఆలివు కాయలో, రెండు వేయించిన చేపలో, ఒక బంగాళాదుంప అట్టు ముక్కో అన్నమాట.

సోమవారం: పుల్లకు ఆరు చేపలు

నెర్హాకు అరడజనుకు పైగా ఇసుక తీరాలున్నాయి. వాటిలో ఒకటి బురియానా. స్నానం చేసి వచ్చినవారికి మధ్యాహ్నం వేళ మంచి వాసన ముక్కుకు తగులుతుంది. ఆ వాసన పట్టుకుని వెళితే పాత పడవ ఒకటి కనబడుతుంది. దాని నిండా ఇసుక పోసి, ఆ ఇసుక మీద ఆలివు కట్టెలతో మంట వేసి ఉంటుంది. సన్నటి రెల్లుపుల్లకు వరుసగా ఆరు సార్డీన్లు గుచ్చి, ఆ పుల్లను మంట పక్కన ఇసుకలో ఏటవాలుగా నాటుతారు. సార్డీన్లంటే మన తీరంలో కవళ్లు అనే జాతి చేప. చేప మంటలో పడకూడదు. సెగ మాత్రమే తగలాలి. గాలి ఎటు వీస్తుందో చూసి పుల్లను ఇటు నుంచి అటు మార్చడంలోనే పనితనం ఉంది. మసాలా లేదు, నూనె లేదు. రాతి ఉప్పు చల్లితే చాలు. దీన్ని 'ఎస్పేటో' అంటారు.

మే నుంచి ఆగస్టు దాకా పట్టిన చేపకే కొవ్వు బాగా ఉంటుందని జాలరుల మాట. ఆ నాలుగు నెలల పేర్లలో స్పానిషు భాషలో 'ర' అక్షరం ఉండదు. 'ర లేని నెలలో సార్డీను తిను' అని గుర్తు పెట్టుకుంటారు.

మాలగా శివారులోని జాలరిపేటలో 19వ శతాబ్దం చివర ఒక పాక హోటలువారు దీన్ని అమ్మకానికి పెట్టారని ప్రతీతి. భూకంప బాధితుల కోసం వచ్చిన అల్ఫోన్సో రాజుగారే ఆ హోటలుకూ వచ్చాడట. చేపను కత్తితో, ఫోర్కుతో తినబోతే, అలా కాదు ప్రభూ, వేళ్లతో తినాలని యజమాని చెప్పాడట. రాజుగారు అలాగే తిన్నాడట. నిజమెంతో కాని ఈ తీరమంతా ఆ కథ చెప్పుకుంటుంది. ఇప్పటికీ ఈ చేపకు కత్తి అడిగినవారిని చూసి వడ్డించేవారు నవ్వుకుంటారు. చేత్తో తినే అలవాటున్న మనవారికి ఇక్కడ ఏ చిక్కూ లేదు.

జాలరుల దేవత కార్మెన్ మాత. ఏటా జూలై 16న ఆమె విగ్రహాన్ని భుజాల మీద మోసుకుంటూ సముద్రం దాకా తెచ్చి, పడవ ఎక్కించి నీటి మీద ఊరేగిస్తారు. వేటకు పోయినవారు క్షేమంగా తిరిగి రావాలని మొక్కుకుంటారు. మన తీరంలో గంగమ్మకు మొక్కేదీ అందుకే కదా. అయితే చేపల మీదే బతికే కుటుంబాలు నెర్హాలో ఇప్పుడు బహు తక్కువ. ఆ పడవల్లో అనేకం ఇసుక నింపిన పొయ్యిలైపోయాయి.

మంగళవారం: వారపు సంత

మంగళవారం నెర్హాలో సంత. కూరగాయలు, పళ్లు, ఆలివు కాయలు, జున్ను, ఎండు అత్తి పళ్లు, బట్టలు, చెప్పులు అన్నీ దొరుకుతాయి. బేరాలు, కేకలు, చేతి సంచీలు, అమ్మే మనిషి రుచి చూడమని చేతిలో పెట్టే ముక్క అన్నీ మన సంతలో లాగే ఉంటాయి.

ఇక్కడ కొనదగ్గవి ఎండు ద్రాక్ష. నెర్హా ఉన్న ఈ ప్రాంతాన్ని అక్సార్కియా అంటారు. దీని కొండవాలుల్లో మస్కటెల్ ద్రాక్ష పండుతుంది. వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే అక్కడికి ట్రాక్టరు ఎక్కదు. దున్నడానికీ మోయడానికీ కంచరగాడిదలే గతి. కోసిన గుత్తులను ఎండకు ఎదురుగా వాలుగా కట్టిన కళ్లాల్లో పరిచి, పగలు ఆరబెట్టి, రాత్రి మంచు పడకుండా కప్పుతారు. ఎండాక గుత్తి నుంచి ఒక్కొక్క పండునూ కత్తెరతో తుంచుతారు. మిరపకాయలు ఎండబెట్టిన చేతులకు ఈ కష్టం వేరే చెప్పనక్కరలేదు. ఈ సేద్యాన్ని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కాపాడుకోదగిన వారసత్వంగా గుర్తించింది.

మధ్యాహ్నం హోటళ్ల ముందు పలక మీద సుద్దతో ఆనాటి భోజనం రాసి ఉంటుంది. ఒకే ధరకు మొదట ఒక వంటకం, తర్వాత మరొకటి, రొట్టె, చివర పండో తీపో ఇస్తారు. తాగడానికి కూడా ఏదో ఒకటి ఉంటుంది. మన ప్లేటు మీల్సు లాంటిదే. విదేశీ యాత్రికులకు చౌకగా భోజనం దొరకాలని 1960 దశకంలో స్పెయిన్ ప్రభుత్వం పెట్టించిన పద్ధతి ఇది. తర్వాత అక్కడి పనివారికే ఎక్కువగా ఉపయోగపడింది.

వేసవిలో మొదటి వంటకంగా 'అహోబ్లాంకో' అడిగితే మంచిది. బాదం పప్పు, వెల్లుల్లి, నానబెట్టిన రొట్టె, ఆలివు నూనె కలిపి నూరి, చల్లటి నీళ్లు పోసి పలచన చేసిన తెల్లటి పులుసు. పైన నాలుగు ద్రాక్ష పళ్లు వేస్తారు. ఎండన పడి వచ్చినవారికి మజ్జిగ తాగినట్టు ప్రాణం లేచి వస్తుంది. శాకాహారులు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మాంసం వద్దంటే చేప తెచ్చే హోటళ్లున్నాయి. ఆకుకూరలో పంది మాంసం తునకలు కలిపేవారూ ఉన్నారు. ఏమేమి తినరో ఒక్కొక్క పేరూ చెప్పడమే శ్రేయస్కరం.

బుధవారం: గబ్బిలాలు చూపిన దారి

నెర్హాకు నాలుగు కిలోమీటర్ల దూరంలో మారో అనే పల్లె ఉంది. 1959 జనవరి 12న ఆ పల్లె చుట్టుపక్కల కుర్రాళ్లు అయిదుగురు గబ్బిలాలు పట్టడానికి కొండ మీదికి వెళ్లారు. నేలలోని ఒక బిలం నుంచి గబ్బిలాలు గుంపులుగా రావడం వారు అంతకుముందే చూశారు. లోపలికి దిగితే సందు ఇరుకుగా ఉంది. అడ్డంగా ఉన్న రాతి ఊడను విరగ్గొట్టి దూరారు. దీపం వెలుగులో ఎదురుగా మనుషుల అస్థిపంజరాలు, పక్కన కుండలు కనబడ్డాయి. హడలిపోయి బయటికి పరుగెత్తారు. ఊళ్లో చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత పెద్దలు దిగి చూశారు. ఏడాదిన్నర తిరగకుండానే, 1960 జూన్‌లో, గుహను ప్రజలకు తెరిచారు.

లోపల దారి పొడుగునా సున్నపురాతి ఊడలు, దిమ్మలు, తెరలు తెరలుగా వేలాడే రాళ్లు. మన బొర్రా గుహలు చూసినవారికి ఈ రాతి పని కొత్త కాదు. కాని ఒక మందిరంలో పై కప్పు నుంచి దిగిన ఊడ, నేల నుంచి లేచిన దిమ్మ కలిసి ఏర్పడిన స్తంభం ఎత్తు 32 మీటర్లు. అంటే పదంతస్తుల మేడంత. ఇటువంటి వాటిలో ప్రపంచంలోనే పెద్దదిగా దానికి పేరుంది. వేల సంవత్సరాలు చుక్క చుక్కగా రాలిన నీరే దాన్ని కట్టింది.

పాతిక వేల ఏళ్లకు పూర్వమే ఇక్కడ మనుషులు ఉండేవారని తవ్వకాల్లో తేలింది. గోడల మీద వారు గీసిన బొమ్మలున్నాయి. కాని బొమ్మలున్న భాగంలోకి సందర్శకులను పంపరు. మనుషుల ఊపిరి, వెలుగు, వేడి తగిలితే రాతి మీద నాచు పడుతుంది, రంగులు చెడతాయి. గుహ తెరిచిన నాటి నుంచి ఏటా లోపల నాట్య సంగీత ఉత్సవం జరిగేది. గుహ దెబ్బతినకూడదని తర్వాత దాన్నీ బయటి ఆవరణలోకి మార్చారు. ఏటా లక్షలమంది వచ్చే చోట కొన్ని తలుపులు మూసి ఉంచడం నిర్వాహకులు నేర్చుకున్న పాఠం.

గురువారం: చెరకు వండే ఊరు

నెర్హా నుంచి కొండల్లోకి ఆరేడు కిలోమీటర్లు వెళితే ఫ్రిహిలియానా వస్తుంది. మెట్ల వీధులు, తెల్ల గోడలు, గుమ్మాల్లో పూల కుండీలు. గోడలకు అక్కడక్కడా రంగు పలకలు అమర్చి, వాటి మీద ఆ ఊరి కథ రాశారు. ఈ ప్రాంతాన్ని కొన్ని శతాబ్దాలు అరబ్బులు ఏలారు. క్రైస్తవ రాజులు జయించాక, మతం మార్చుకుని ఇక్కడే ఉండిపోయిన ముస్లిముల సంతతిని మొరిస్కోలు అన్నారు. వారి భాష, వేషం, ఆచారాలు అన్నీ నిషేధించడంతో తిరగబడ్డారు. 1569లో ఈ ఊరి పైనున్న కొండ మీద యుద్ధం జరిగింది. మొరిస్కోలు ఓడిపోయారు. 1609లో స్పెయిన్ రాజు వారిని దేశం నుంచే వెళ్లగొట్టాలని ఆజ్ఞ వేశాడు.

మనుషులు పోయారు. వారు తెచ్చిన పంటలు, తవ్విన కాలువలు మిగిలాయి. కొండ ఊటను పిల్లకాలువల ద్వారా పొలాలకు పారించి, వంతుల వారీగా పంచుకునే పద్ధతి వారిదే. ఆ కాలువను స్పానిషులో 'అసేకియా' అంటారు. అరబ్బీ మాటే అది.

ఇంకా కొన్ని మాటలు మనకు బాగా దగ్గరివి. స్పానిషులో చక్కెరను 'అసూకర్' అంటారు. సంస్కృతంలోని శర్కర పారశీకం, అరబ్బీల మీదుగా నడిచి అక్కడ అసూకర్ అయింది. మన దగ్గర చక్కెర అయింది. నారింజను వారు 'నరాన్హా' అంటారు. అదీ నారంగం నుంచి పోయినదే. వంకాయను 'బెరెన్హేనా' అంటారు. ఆ పేరు కూడా మన దేశం నుంచే పారశీకులు, అరబ్బుల నోళ్లలో నలిగి అక్కడికి చేరిందని భాషావేత్తలు చెబుతారు. చెరకు, వంకాయ, నారింజ మొక్కలు, వాటి పేర్లు ఒకే దారిన ప్రయాణం చేశాయన్నమాట. నెర్హా పళ్లెంలో వంకాయ మీద చెరకు పానకం పడడం ఆ ప్రయాణానికి ఒక మజిలీ.

ఫ్రిహిలియానా నడిమధ్య 16వ శతాబ్దపు పెద్ద భవంతి ఒకటి ఉంది. ఒకప్పుడు జమీందారుల ఇల్లు. ఇప్పుడు చెరకు పానకం తయారుచేసే కర్మాగారం. ఐరోపా ఖండంలో ఈ పని చేసేది ఇదొక్కటేనని అక్కడివారు గర్వంగా చెబుతారు. చెరకు రసాన్ని వడకట్టి, మడ్డి తీసి, చిక్కబడేదాకా కాస్తారు. చక్కెర పలుకు వేరుచేయరు. అనకాపల్లి వైపు బెల్లం వండేవారు పాకం ఇంకా ముదరక ముందే పెనం దింపితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, రంగు మాత్రం నలుపు. దీన్ని వారు 'చెరకు తేనె' అంటారు. వంకాయ మీదనే కాదు, మేక జున్ను మీద, రొట్టె మీద, పిండివంటల్లో కూడా వాడతారు.

కాని ఊరి చుట్టూ చెరకు తోట కోసం చూస్తే కనబడదు. ఈ తీరం పొడుగునా శతాబ్దాల పాటు చెరకే పెద్ద పంట. కూలి ఖర్చు పెరిగింది. బీటు దుంప చక్కెర, బయటి చక్కెర చౌకగా వచ్చాయి. పొలాలు ఇళ్ల స్థలాలయ్యాయి. ఒక్కొక్క మిల్లే మూతపడుతూ వచ్చి, 2006లో పక్కనున్న గ్రనాదా జిల్లా తీరంలో ఆఖరి చక్కెర మిల్లు కూడా మూతపడింది. దానితో వెయ్యేళ్ల సేద్యం ముగిసింది. సహకార చక్కెర మిల్లులు మూతపడడం చూసిన మన చెరకు రైతుకు ఆ మాట వెనుక బరువు ఎంతో తెలుసు.

శుక్రవారం: మామిడి తోటలు, అడుగంటిన జలాశయం

మారో దారిలో లోయకు అడ్డంగా నాలుగు వరుసల కమానుల కట్టడం ఒకటి కనబడుతుంది. ఒక వరుస మీద మరో వరుసగా మొత్తం 37 కమానులు. చూసినవారు రోమనుల కాలపుదనుకుంటారు. కాదు. 19వ శతాబ్దంలో మారోలోని చక్కెర మిల్లుకు నీళ్లు తీసుకుపోవడానికి కట్టిన మేటి కాలువ. మిల్లు పోయింది, దాని గోడలు పాడుపడి నిలిచి ఉన్నాయి. కాలువ మాత్రం మిగిలింది.

ఇప్పుడు ఈ చుట్టుపక్కల లోయల్లో కనబడేవి అవకాడో తోటలు, మామిడి తోటలు. మంచు పడని ఈ చిన్న తీరపు నేల ఐరోపాలో మామిడికి ముఖ్యమైన చోటు. అక్కడ మామిడి కోత సెప్టెంబరులో మొదలై నవంబరు దాకా సాగుతుంది. మన దగ్గర ముంత మామిడి పిందె కూడా లేని రోజుల్లో వారి సంతలో ఎరుపు తిరిగిన పెద్ద మామిడి పండ్లు దొరుకుతాయి. ఆస్టీన్ అనే రకం ఎక్కువ. పీచు తక్కువే కాని బంగినపల్లి తిన్న నోటికి తీపి చాలదు.

ఈ తోటలు రైతులకు డబ్బు తెచ్చాయి. పెరిగిన కొద్దీ నీరూ అడిగాయి. అటు హోటళ్లు, ఈత కొలనులు, కొత్త ఇళ్లు కూడా నీరే అడిగాయి. అక్సార్కియా ప్రాంతానికి ఆధారం విన్యూయేలా జలాశయం. నిండితే సుమారు ఆరు టి.ఎం.సి.ల నీరు పడుతుంది. వరుసగా వానలు కురవక 2024 మొదట్లో అందులో నిల్వ పదో వంతుకన్నా తక్కువకు దిగిపోయింది. అంతకు ముందే తోటలకు జలాశయం నీరు ఆపేశారు. రైతులు అవకాడో చెట్లను మొదళ్ల దాకా నరికి, మోళ్లకు సున్నం పూసి, ప్రాణం నిలిస్తే చాలనుకున్నారు. నిలవని తోటలను పెకలించారు. కొన్ని పట్నాల్లో రాత్రిళ్లు కుళాయిలు కట్టేశారు. సముద్ర స్నానం చేసినవారు ఉప్పు కడుక్కునే కుళాయిలు కూడా అనేక తీరాల్లో మూసేశారు.

ఆ కష్టకాలంలో కొందరు రైతులను ఆదుకున్నది పట్నాల మురుగు నీరే. దాన్ని బాగా శుద్ధిచేసి గొట్టాల ద్వారా తోటలకు ఇచ్చారు. 2025 మార్చిలో భారీ వానలు పడి జలాశయం కోలుకుంది. అయితే నీరు తక్కువైన ఏడు ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్న తగవు ఆ వానతో తీరలేదు.

మురుగు విషయంలో నెర్హాకు మచ్చ కూడా ఉంది. ఇంతమంది యాత్రికులు వచ్చే పట్నం ఏళ్ల తరబడి మురుగును సరిగా శుద్ధి చేయకుండానే సముద్రంలోకి వదిలింది. ఇటువంటి పట్నాలు తొమ్మిదింటిని చూపి ఐరోపా న్యాయస్థానం 2018లో స్పెయిన్ దేశానికి 1 కోటి 20 లక్షల యూరోల జరిమానా వేసింది. వాటిలో నెర్హా ఒకటి. శుద్ధి కేంద్రం ఆ తర్వాత గాని పనిలోకి రాలేదు.

శనివారం: అడుగు మాడు, ఆఖరి జాలరి

ఆఖరి రోజు మధ్యాహ్న భోజనం బురియానా తీరంలో. కట్టెల మంట మీద మనిషి చేతులు బారజాపినంత వెడల్పు పెనం. అందులో ఆలివు నూనె, కోడి మాంసం, రొయ్యలు, నత్తగుల్లలు, కుంకుమపువ్వు, పొట్టి గింజల బియ్యం. దీన్ని 'పయేయా' అంటారు. అసలు ఆ మాటకు పెనమనే అర్థం. పుట్టిల్లు తూర్పు తీరంలోని వలెన్సియా. బియ్యం పోశాక గరిట పెట్టి తిప్పకూడదు. నీరు ఇగిరి అడుగున పలచగా మాడు కట్టాలి. ఆ మాడు కోసం వారు పోటీ పడతారు. మన ఇళ్లలో గిన్నె అడుగు మాడు కోసం పిల్లలు పోట్లాడుకున్నట్టే.

తీరం నుంచి తిరిగి వచ్చే దారిలో, ఊళ్లోని ఒక ఉద్యానవనంలో, గడ్డి మీద నిలిపిన పడవ ఒకటి ఉంది. 1981-82లో స్పెయిన్ టెలివిజన్‌లో వచ్చిన 'వెరానో అసూల్' అనే ధారావాహికను నెర్హాలోనే తీశారు. పేరుకు 'నీలి వేసవి' అని అర్థం. సెలవులకు వచ్చిన పిల్లలకు, పడవనే ఇల్లు చేసుకుని ఉండే ముసలి జాలరికి నడుమ స్నేహం దాని కథ. ఆ పడవ ఉన్న స్థలంలో మేడలు కట్టాలని వ్యాపారులు వస్తారు. పిల్లలంతా పడవ ఎక్కి కూర్చుని, కదలమని పాట పాడతారు. చివర ఆ ముసలి జాలరి చనిపోయే భాగం వచ్చిన నాడు దేశమంతా కంటతడి పెట్టింది. ఆ పాత్ర వేసిన నటుడు అంతోనియో ఫెరాందిస్ ఆ తర్వాత జీవితమంతా ఆ జాలరి పేరుతోనే గుర్తుండిపోయాడు.

కథలో వచ్చిన బెంగ కథతో పోలేదు. స్పెయిన్‌కు 2024లో వచ్చిన విదేశీ యాత్రికులు 9 కోట్ల పైచిలుకు. ఆ దేశ జనాభాకన్నా దాదాపు రెట్టింపు. ఇళ్లన్నీ వారానికింత అని యాత్రికులకే అద్దెకు పోతుంటే, వంటలు చేసేవారికీ గదులు ఊడ్చేవారికీ తల దాచుకునే చోటు దొరకడం లేదు. 2024 జూన్‌లో మాలగా నగరంలో వేలాదిమంది వీధుల్లోకి వచ్చి ఇదే అడిగారు. యాత్రికులు రావద్దని చాలామంది అనడం లేదు. తమకూ ఊళ్లో చోటు ఉండాలంటున్నారు.

మే నెల మధ్యలో వెళ్లినవారికి ఒక అదృష్టం. మే 15 రైతుల దేవుడు సాన్ ఇసిద్రో పండుగ. ఆ రోజు నెర్హాలో ఎద్దులను అలంకరించి, బళ్లకు పూలు, ఆకులు కట్టి, ఆడపిల్లలు కుచ్చుల పావడాలు వేసుకుని, పాటలు పాడుకుంటూ గుహ దగ్గరి మైదానం దాకా ఊరేగింపుగా వెళతారు. అక్కడ చెట్ల కింద వండుకుని తిని, చీకటి పడ్డాక తిరిగి వస్తారు. బండి తోలే కుర్రాడు మిగతా రోజుల్లో హోటల్లో పళ్లేలు మోసేవాడై ఉండవచ్చు. సొంత ఎడ్లు ఇప్పుడు ఏ ఇంట్లోనూ అంతగా లేవు. అయినా ఆ రోజు బండి కట్టడం మానలేదు. మొదట చెరకు, తర్వాత చేప పోగొట్టుకున్న ఊరు తాను ఎక్కడి నుంచి వచ్చిందో ఏడాదికి ఒక్క రోజైనా గుర్తు చేసుకుంటోంది.